మొదటిసారి గెలిచిన ఎంపీ జీరో అవర్లో రెండు నిమిషాలు మాట్లాడితే మాకు ఒరిగేదేంటి?

కూర్మన్నపాలెం కుర్రోడు:

ముందే చెప్తున్నా, ఎంపీ ఎవరో, ఏ పార్టీనో రాయను. విశాఖ ఎంపీయే అని కూడా అనుకోకండి, ఉత్తరాంధ్ర నుంచి 2024లో మొదటిసారి లోక్‌సభకు వెళ్లినవాళ్లు ఒకరికి మించే ఉన్నారు. పేరు రాస్తే ఈ పోస్టు కింద ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు.

మా నాన్న ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి 2014 మార్చిలో రిటైరయ్యాడు. ఈపీఎస్-95 (పీఎఫ్ కట్టిన ఉద్యోగులకి వచ్చే పెన్షన్ పథకం) కింద పెన్షన్ నెలకి 1,671 రూపాయలు. అప్పుడూ 1,671, ఇప్పుడూ 1,671, పైసా పెరగలేదు, ఎందుకంటే ఈ పెన్షన్‌కి డీఏ అనేదే లేదు. గ్యాస్ బండ ఒకటి, నాన్న బీపీ మాత్రలు, అంతే, మిగిలేదేమీ లేదు. ఆయనతో పనిచేసినవాళ్లలో కొందరికి వెయ్యే వస్తోంది. నేను సంపాదిస్తున్నాను కాబట్టి మాకు ఇల్లు గడుస్తోంది గానీ, ప్రతి నవంబరులో ఈ డబ్బు కోసం, బతికే ఉన్నానని చూపించే పత్రానికి వేలిముద్ర పడక మూడుసార్లు తిరగడం చూస్తే నాకే చిరాకు.

నాన్న పాత మేస్త్రీ గారు ఇప్పుడు సొంతూరు వెళ్లిపోయారు. ఆ ఊరి ఎంపీ కొత్తాయన, వయసులో చిన్న. మేస్త్రీ గారు ఊరుకోక నాన్నతో సహా ఓ ఇరవై మంది ముసలాళ్లని పోగేసి ఆయన ఆఫీసుకి తీసుకెళ్లి అర్జీ ఇచ్చారు. టీ ఇచ్చారట, కూర్చోబెట్టారట, "సభలో మాట్లాడతాను" అన్నారట. మేం నవ్వుకున్నాం. నెల తిరక్కుండా నిజంగానే జీరో అవర్లో (ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) మాట్లాడాడు! చివరి వరసలో నిలబడి, తెలుగులో. రెండు నిమిషాలు కూడా లేదు, మైకు ఆగిపోయింది, చుట్టూ సగం కుర్చీలు ఖాళీ. మంత్రి ఏమీ అనలేదు, అసలు ఉన్నాడో లేడో కూడా కనపడలేదు.

నాన్న ఆ వీడియో ఇరవైసార్లు చూసుంటాడు. "మన మాట పార్లమెంటులో పడిందిరా" అంటాడు. మా బావ మాత్రం "పడింది, పడి అక్కడే ఉంటుంది మావయ్యా" అంటాడు. నాన్న మొహం చూస్తే నాకు బాధేసింది గానీ బావ అన్నది తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇలా మాట్లాడటం వల్ల ఏమన్నా కదులుతుందా, లేక వీడియో కోసమేనా? కదలాలంటే ఇప్పుడు మేం ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి, తెలియనివాళ్లు కూడా చెప్తారని తెలుసు.

బీచ్‌రోడ్డు బఠాణీ:

వీడియో కింద పాట పెట్టారా లేదా? పెట్టి ఉంటే ఆ పని అక్కడితో అయిపోయినట్టే.

కూర్మన్నపాలెం కుర్రోడు:

పెట్టారు 😐

ఢిల్లీ నుంచి తిరిగొచ్చా:

పాట సంగతి వదిలెయ్యండి, అది ఆఫీసులో ఎవరో కుర్రాడు పెట్టి ఉంటాడు. నేను ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఏడాది ఒక ఎంపీ దగ్గర పనిచేశాను (చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడుపుతుంది, డిగ్రీ అయిన పిల్లల్ని వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఎంపీలకు సహాయకులుగా పంపుతారు). మా ఎంపీ కూడా మొదటిసారి గెలిచినాయనే. కాబట్టి లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్తాను, కాస్త పొడుగ్గా ఉంటుంది.

మొదట జీరో అవర్. లోక్‌సభలో 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, తర్వాత ఇది. మాట్లాడాలంటే నోటీసు ఇవ్వాలి, వచ్చిన నోటీసుల్లోంచి రోజుకి 20 లాటరీలో తీస్తారు. కొత్త ఎంపీకి ఆ లాటరీ తగలడమే పెద్ద విషయం, మా సార్‌కి పేరు రాని రోజులు ఎన్నో, వచ్చిన రోజు ఒకసారి సభే వాయిదా పడింది. తెలుగులో మాట్లాడాలంటే అనువాదకుడు సిద్ధంగా ఉండాలి కాబట్టి, నేనున్నప్పుడు ముందే చెప్పి పెట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి మీ ఎంపీ ఆ రెండు నిమిషాల కోసం పనేమీ చెయ్యలేదని అనకండి. ఖాళీ కుర్చీలు అన్నారు కదా, కోరం (సభ నడవడానికి కనీసం ఉండాల్సినవాళ్లు) 55 మంది, అంతమంది లేకపోయినా ఎవరూ లేచి అడగకపోతే సభ నడుస్తూనే ఉంటుంది. ఎవరు విన్నా వినకపోయినా మాటలు మాత్రం రికార్డులోకి వెళ్తాయి.

కానీ మీ బావ అన్నదాంట్లో సగం నిజం ఉంది. జీరో అవర్లో అడిగినదానికి మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న నియమం లేదు. చెప్పాలనుకుంటే చెప్తాడు, లేకపోతే తల ఊపుతాడు. అది వీడియోకి బాగుంటుంది, కాగితానికి కాదు. మా ఆఫీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే: ఎంపీ చేత ఉపన్యాసం ఇప్పించకండి, ప్రశ్న వేయించండి.

ప్రశ్నలు రెండు రకాలు. స్టార్ గుర్తువి రోజుకి 20, మంత్రి నోటితో చెప్పాలి, పైన అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. టైము చాలక వాటిలో చాలావరకు సభలో వంతే రావు, జవాబు మాత్రం రాతపూర్వకంగా పెడతారు. స్టార్ లేనివి రోజుకి 230, జవాబు కాగితం మీదే వస్తుంది, అదే రోజు వెబ్‌సైట్లో పెడతారు, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ప్రతి శాఖకీ వారంలో ఒక రోజు. కనీసం 15 రోజుల ముందు నోటీసు. దీనికీ లాటరీ ఉంది గానీ 230 అంటే దారి కాస్త వెడల్పు. వెనక బెంచీ, ముందు బెంచీ అన్న తేడా ఈ లాటరీకి తెలీదు. చర్చల్లో పార్టీకి ఉన్న సంఖ్యని బట్టి టైము ఇస్తారు, అది పెద్దవాళ్లకే సరిపోతుంది, కొత్తవాళ్లకి మిగిలితే మూడు నిమిషాలు. ప్రశ్నకి ఆ బాధ లేదు.

ఇంకోటి రూల్ 377. 250 పదాల్లోపు విషయం రాసిస్తారు, చాలా రోజులు దాన్ని చదవనివ్వరు కూడా, బల్ల మీద పెట్టినట్టు రాసుకుంటారు. వీడియో రాదు కాబట్టి ఎంపీలకి దీని మీద అంత మోజు ఉండదు. కానీ తర్వాత ఆ శాఖ మంత్రి సంతకంతో ఎంపీకి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం మీ మేస్త్రీ గారి చేతిలో పెట్టగలిగేది.

మీరు వెళ్లి "సార్, మాట్లాడినందుకు థ్యాంక్స్, ఇప్పుడు ఈ ప్రశ్న వెయ్యండి" అని టైపు చేసిన ఒక కాగితం ఇవ్వండి. కొత్త ఎంపీ ఆఫీసులో ఉండేది ఇద్దరో ముగ్గురో, వాళ్లకి రోజూ వచ్చేవి బదిలీలు, ఆస్పత్రి సిఫారసు ఉత్తరాలు, పెళ్లి పిలుపులు. తయారైన ప్రశ్న ఎవరైనా తెచ్చిస్తే వాళ్లు మిమ్మల్ని దేవుడిలా చూస్తారు, నేను చూశాను.

బీచ్‌రోడ్డు బఠాణీ:

ప్రశ్న వేస్తే మాత్రం ఏమొస్తుంది? "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. రైల్వే జోన్‌కి ఎన్నేళ్లు అదే విన్నాం? 2014 విభజన చట్టంలో రాశారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, జోన్ ఆఫీసుకి శంకుస్థాపన 2025 జనవరిలో. ఈలోగా మన ఎంపీలు అడగని సెషన్ లేదు. అడిగి అడిగి వాళ్లు మాజీలయ్యారు.

ఢిల్లీ నుంచి తిరిగొచ్చా:

బఠాణీ గారూ, ఆ మాట అనడమే మనకి కావలసింది. మంత్రి సభలో "పరిశీలనలో ఉంది" అంటే దాన్ని హామీ కింద లెక్కేస్తారు. ప్రభుత్వ హామీల సంఘం అని లోక్‌సభలో ఒకటి ఉంది, ఏ ఏ మాటలు హామీ కిందకి వస్తాయో జాబితా కూడా ఉంది, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే గడువు పెంచమని ఆ శాఖే అడగాలి. అధికారుల్ని పిలిచి ఎందుకు కాలేదని కూర్చోబెట్టి అడుగుతారు. అందుకే జవాబు రాసే అధికారులు ఆ మాటలు పడకుండా చాలా జాగ్రత్తగా రాస్తారు. జీరో అవర్ ఉపన్యాసానికి మంత్రి నోరు విప్పకపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

జోన్ విషయంలో ఆలస్యం అయిందని మీరన్నది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

మల్కాపురం తాతయ్య:

బాబూ కూర్మన్నపాలెం, మీ నాన్నగారి 1,671 లెక్క నేను వేసి చూశాను, సరిగ్గానే ఉంది. అప్పటి జీతం పరిమితి 6,500, సర్వీసు 18 ఏళ్లు, రెండూ గుణించి 70తో భాగిస్తే అంతే వస్తుంది. నేను కూడా ఆ పథకంలోని ముసలాణ్ణే, పైగా కొన్నాళ్లు యూనియన్‌లో తిరిగినవాణ్ణి, అందుకని రాస్తున్నాను.

మీరు అడగవలసింది ఏమిటో స్పష్టంగా ఉండాలి. "పెన్షన్ పెంచండి" అని అడిగితే ఏం జవాబు వస్తుందో నాకు కంఠతా వచ్చు. యజమాని వాటాలోంచి 8.33 శాతం, కేంద్రం 1.16 శాతం వేస్తాయి, అది కూడా 15,000 జీతం వరకే, ఈ నిధి నుంచే పెన్షన్ ఇవ్వాలి, 2019 మార్చి 31 నాటి మదింపు ప్రకారం నిధిలో లోటు ఉంది, అయినా ప్రభుత్వం బడ్జెట్ నుంచి సాయం చేసి కనీసం 1,000 ఇస్తోంది. ఇదే పేరా ఏళ్ల తరబడి వస్తోంది, ఏ పార్టీ ఎంపీ అడిగినా. కేరళ ఎంపీ ప్రేమచంద్రన్ గారి లాంటివాళ్లు దీనిమీద ఎన్నిసార్లు లేచారో. ఆ వెయ్యి 2014 సెప్టెంబరులో పెట్టింది. మేం అడుగుతున్నది 7,500, పైన డీఏ. మొదట్లో కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం బదులు ముందే ఒకేసారి డబ్బు) తీసుకున్నవాళ్లకైతే ఆ వెయ్యి కూడా పూర్తిగా రాదు.

కాబట్టి ఆ పేరాతో తప్పించుకోలేని ప్రశ్న వెయ్యాలి. అంకెలు అడగండి. మన రాష్ట్రంలో ఎంతమందికి ఎంతెంత వస్తోంది? కార్మిక శాఖ ఆర్థిక శాఖకి పంపిన ప్రతిపాదన ఏమైంది? తేదీ చెప్పమనండి. కార్మిక శాఖని చూసే పార్లమెంటు స్థాయీ సంఘం 2022లోనే ఈ వెయ్యి చాలదని రాసింది, దానిమీద ఏం చేశారో అడగండి. ఆ సంఘాల్లో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ. టీవీ కెమెరాలుండవు, అక్కడ మాత్రం మొదటిసారి గెలిచినవాడి మాట కూడా వింటారు. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నాడో కనుక్కోండి. కార్మిక సంఘంలో లేకపోతే ఉన్నవాళ్లలో ఒకరికి ఉత్తరం రాయించండి.

మీ బావగారికి నా మాటగా ఒకటి చెప్పు. 1967లో తెన్నేటి విశ్వనాథం గారు ఇక్కణ్ణుంచి ఇండిపెండెంటుగా గెలిచి వెళ్లారు. వెనక పార్టీ లేదు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఆయన వదలకుండా అడిగారు. అలాగని ఆయన మాటలకే ఫ్యాక్టరీ వచ్చిందని నేను అనను, అంతకు ముందు ఏడాది అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, జాతికి అంకితం అయ్యింది 1992లో. బయట జనం లేకపోతే లోపల ఒక్కడి గొంతు ఎంత పెద్దదైనా లాభం లేదు, లోపల ఒక్కడూ లేకపోతే బయట జనం గొంతు లోపలికి పోదు. మీ మేస్త్రీ గారు ఇరవై మందిని తీసుకెళ్లారంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఈసారి నలభై మంది వెళ్లండి.

పెందుర్తిలో పుట్టి పెరిగా:

చిన్న విషయం. ఏ ఎంపీ దగ్గరికి వెళ్లాలో ముందు చూసుకోండి, నవ్వకండి, మేం దెబ్బతిన్నాం. పెందుర్తి సిటీలోనే ఉంది కదా అని విశాఖ ఎంపీ ఆఫీసుకి పోయాం, తీరా చూస్తే మాది అనకాపల్లి లోక్‌సభ కిందకి వస్తుంది. అటు శృంగవరపుకోట ఉండేది విజయనగరం జిల్లాలో, లోక్‌సభ మాత్రం విశాఖ. పైగా మేం పట్టుకెళ్లింది వీధి కాలవ గురించి, అది కార్పొరేషన్ పని, పార్లమెంటులో కాలవ గురించి అడిగితే రాష్ట్ర విషయం అని పక్కన పడేస్తారు. అక్కడున్న అబ్బాయి పాపం ఓపిగ్గా చెప్పి పంపించాడు.

కుర్రోడి సమస్య అలా కాదు, ఈపీఎస్ పూర్తిగా కేంద్రం చేతిలోదే. దేశంలో ఏ ఎంపీ అయినా అడగొచ్చు, మీ ఎంపీలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ప్రశ్న వేసినా తప్పులేదు.

బీచ్‌రోడ్డు బఠాణీ:

తాతయ్య గారూ, మీరు రాశాక వెటకారం చెయ్యబుద్ధి కావట్లేదు. అయినా ఒక డౌటు. ఆ ఎంపీ కేంద్రంలో ఉన్న కూటమి వైపు వాడైతే సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే ప్రశ్న వేస్తాడా? విప్ (పార్టీ ఆదేశం) ఉంటుంది, వేటు పడుతుంది అంటారు కదా?

ఢిల్లీ నుంచి తిరిగొచ్చా:

విప్ ఓటు దగ్గర. ఫిరాయింపుల్ని ఆపే పదో షెడ్యూల్ రాజ్యాంగంలోకి 1985లో వచ్చింది, పార్టీ చెప్పినదానికి వ్యతిరేకంగా ఓటేసినా, గైర్హాజరైనా, పార్టీ వదిలేసినా సభ్యత్వం పోవచ్చు. ప్రశ్న వేసినందుకు ఎవరి సభ్యత్వమూ పోదు. మొహమాటం ఉంటుంది, అది వేరే. అందుకే ప్రశ్నలో కోపం ఉండకూడదు, అంకెలు ఉండాలి. "రాష్ట్రంలో ఎంతమంది" అని అడిగితే ఏ పార్టీ పెద్దకీ అభ్యంతరం ఉండదు. నిజానికి అధికార పక్షం వైపు వెనక బెంచీ వాళ్లకి ఇంకో దారి ఉంది, లాబీలో మంత్రి ఎదురైతే కాగితం చేతిలో పెట్టి "సార్, మా వాళ్లు వదలట్లేదు" అనడం. మా సార్ ఒక పని అలాగే చేయించుకున్నాడు. అది ఏ రికార్డులోనూ ఉండదు.

కూర్మన్నపాలెం కుర్రోడు:

అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. తాతయ్య గారి లెక్క విని "ఆయనెవరో పనోడు" అన్నాడు, నాన్న నోట ఆ మాట చాలా పెద్ద మెప్పు. పొద్దున్న లేచేసరికి నాలుగు పేజీలు రాసి ఉంచాడు. పనిలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టాడు. దాన్ని కుదించి ఇలా చేశాను, చూడండి:

కార్మిక, ఉపాధి శాఖ మంత్రి తెలియజేస్తారా:
(ఎ) ఈపీఎస్-95 కింద ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 1,000 రూపాయల లోపు, 1,000 నుంచి 2,000 వరకు, 2,000 పైన పెన్షన్ పొందుతున్నవారు విడివిడిగా ఎంతమంది;
(బి) 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనీస పెన్షన్‌ను ఆ తర్వాత సవరించకపోవడానికి కారణాలేమిటి;
(సి) దాన్ని పెంచాలని కార్మిక శాఖ ఆర్థిక శాఖకు ప్రతిపాదన పంపిందా, పంపితే ఏ తేదీన, దానిపై ఏ నిర్ణయం జరిగింది;
(డి) ఈ పెన్షన్‌ను డీఏతో ముడిపెట్టే ఆలోచన ఉందా;
(ఇ) జీవితమంతా చెమటోడ్చిన కార్మికుడికి నెలకు 1,671 రూపాయలు చాలునని ప్రభుత్వం భావిస్తున్నదా?

ఢిల్లీ నుంచి తిరిగొచ్చా:

చాలా బాగుంది. 150 పదాల్లోపే ఉండాలి, ఉంది. ఎ నుంచి డి దాకా ముట్టుకోకండి. స్థాయీ సంఘం మాట (బి)లో ఒక ముక్క చేర్చితే ఇంకా మంచిది. (ఇ) మాత్రం తీసెయ్యాలి, అభిప్రాయం అడిగే ప్రశ్నని లోక్‌సభ సెక్రటేరియట్ ఒప్పుకోదు, దానివల్ల మొత్తం ప్రశ్నే ఆగిపోవచ్చు.

కూర్మన్నపాలెం కుర్రోడు:

అదే వచ్చింది చిక్కు. నాన్న రాసిన నాలుగు పేజీల్లో నేను ఒక్క అక్షరం మార్చకుండా ఉంచింది (ఇ) ఒక్కటే. తీసెయ్యాలంటే "మరి అడగాల్సింది అదే కదరా" అంటున్నాడు.

మల్కాపురం తాతయ్య:

(ఇ) వేరే కాగితం మీద రాయించు బాబూ. ఈసారి జీరో అవర్లో ఆయన పేరు వస్తే అది చదవమనండి. రెండు నిమిషాలు ఎక్కువే దానికి.

కూర్మన్నపాలెం కుర్రోడు:

ఒప్పుకున్నాడు! రెండు కాగితాలూ టైపు చేయించాను. సోమవారం పొద్దున్న ఆరింటికి బయల్దేరుతున్నాం, మేస్త్రీ గారు ముప్పై రెండు మందిని లెక్కపెట్టారట ఇప్పటికి. గాజువాక, మల్కాపురం వైపు ఈపీఎస్ వాళ్లు ఎవరైనా వస్తామంటే ఇక్కడే చెప్పండి, వ్యాన్‌లో ఐదు సీట్లు ఉన్నాయి. తాతయ్య గారూ, ఒకటి మీకు అట్టేపెట్టమన్నాడు నాన్న.

బీచ్‌రోడ్డు బఠాణీ:

నాకు పెన్షన్ వయసు రాలేదు గానీ వీడియో నేను తీస్తా. పాట పెట్టను.